మా అమ్మాయి తొట్టిలో నేను పోసిన నీళ్లు

ఆ ఏడాది నా ప్రాణమంతా ఒక స్విచ్చి మీద ఉండేది. ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టరు ముందు గదిలో అక్వేరియం లైటు స్విచ్చి. పొద్దున్న పదింటికి మా అమ్మాయి లేచొచ్చి అది వేసిందంటే ఆ రోజుకి గండం గడిచినట్టు. వెయ్యలేదంటే నాకు కాలూ ఆడదు, చెయ్యీ ఆడదు. నాది మార్నింగ్ స్కూలు, చిన్నపిల్లలకి తెలుగు చెప్తాను. పదిన్నరకి వదిలేస్తారు. టోటో, అదే బ్యాటరీ రిక్షా, దిగి మా సందు మలుపు తిరగ్గానే ముందు కిటికీ కేసి చూసేదాన్ని. లోపల తెల్లటి వెలుగు కనిపిస్తే అక్కడే నిల్చుని ఊపిరి పీల్చుకునేదాన్ని. కనిపించకపోతే పరుగే పరుగు. ఎదురింటి బెంగాలీ దీదీ ఒకసారి ఆపి అడిగింది కూడా, "ఏమయింది, గ్యాసు ఆపడం మర్చిపోయినారా?" అని. అవును దీదీ, మర్చిపోయినాను అని చెప్పినాను. మరేటి చెప్తాను?

మా అమ్మాయికి అప్పటికి పందొమ్మిదేళ్లు. మెడికల్ ఎంట్రన్సు రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. మొదటిసారి ఏడిచింది, ప్రశ్నపత్రం చేసినవాళ్లని తిట్టింది, పుస్తకాలు మూలకి గిరాటేసింది, మూడో రోజుకి తనే ఏరుకుని మళ్లీ తెరిచింది. రెండోసారి అదేమీ లేదు. ఫోన్లో చూసుకుని, "రాలేదమ్మా" అని చెప్పి, గదిలోకెళ్లి తలుపేసుకుంది. అంతే. తినమంటే తినేది, స్నానం చెయ్యమంటే చేసేది. అరుపుల్లేవు, అలకల్లేవు. నా కడుపున పుట్టిన పిల్ల, నోరు ఊరుకునే రకం కాదు, నా మాటకి ముందు దాని మాట లేచేది. అలాంటి పిల్ల నోరు మెదపకుండా తిరుగుతుంటే ఏ తల్లి కంటికి కునుకు పడతాది? మలంచా పేటలో కోచింగుకి కలిసి తిరిగిన స్నేహితులు ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. ఫోను అలాగ మోగి మోగి ఊరుకునేది.

నేను చేసిన పన్లు ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గే. వానలకి తలుపు ఉబ్బిందని అబద్ధం చెప్పి, వడ్రంగి మిస్త్రీని పిలిపించి, దాని గది లోపలి గడియ ఊడదీయించినాను. ఫినాయిలు సీసా, మా ఆయన బీపీ మాత్రలు బీరువాలో పెట్టి తాళమేసి, ఆ తాళంచెవి మంగళసూత్రం గొలుసుకి తగిలించుకుని తిరిగినాను. స్కూల్లో పిల్లలకి గుణింతాలు దిద్దిస్తూ మధ్యమధ్యలో చెయ్యి గొలుసు మీదకి పోయేది, ఉందా లేదా అని. నవ్వేవాళ్లు నవ్వండి. నాకేటి భయమో నాకు తెలుసు.

మా ఆయన గూడ్స్ గార్డు. నెలలో సగం రోజులు లైను మీదే. ఫోన్ చేసి నా భయమంతా వెళ్లగక్కితే అవతల నుంచి ఇంజను కూత, ఆ కూత ఆగాక ఆయన గొంతు. "ఠీక్ హై, ఠీక్ హై, నేనొచ్చి మాట్లాడతాను కదా." వచ్చి మాట్లాడింది లేదు. కూతురి పక్కన కూకుని టీవీ చూసేవారు, ఇద్దరూ నోరు విప్పకుండా క్రికెట్టు చూసేవారు. నేను వంటింట్లోంచి గిన్నెలు ఎత్తి పడేసి నా కోపం చూపించుకునేదాన్ని.

అలాంటి పిల్ల ఒక ఆదివారం వాళ్ల నాన్నని అడిగింది. "నాన్నా, నాకో అక్వేరియం కొంటావా? చేపలకి కాదు. మొక్కలకి."

ఆయన చొక్కా కూడా మార్చుకోలేదు. ఆ పూటే ఖరిదా బజారుకెళ్లి, రెండడుగుల గాజు తొట్టిని టోటోలో ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డని ఆసుపత్రి నుంచి తెచ్చినట్టు తెచ్చినారు. నేను ఊరుకుంటానా? "నీళ్లలో మొక్కలేటే? ఎవరైనా నాచు వదిలించుకుంటారు, నువ్వు కొని తెచ్చుకుంటావా?" అన్నాను. "నాచు వేరు, మొక్క వేరమ్మా. నీకు తెలీదు, ఊరుకో" అంది. ఓలమ్మ, ఎన్ని నెలలకి నా మీద నోరు చేసింది! నేను వెంటనే ఊరుకున్నాను.

ఆ తర్వాత ఇల్లంతా దాని రాజ్యం. తొట్టి అడుగున నల్లమట్టి, దాని మీద సన్న గులకరాళ్లు. వెనకాల గడ్డిలాగ పొడుగ్గా పెరిగే వాలిస్‌నేరియా అనే మొక్క. మధ్యలో ఒక చెక్కముక్క, దానికి దారంతో కట్టిన ఫెర్న్. ముందు రాళ్ల మీద మెత్తగా పరుచుకునే మాస్ అనే ఆకుపచ్చ మొక్క. నా పంచదార డబ్బా సగం ఖాళీ చేసి, ఈస్టు కలిపి, ప్లాస్టిక్ సీసాలో పోసి, సన్న గొట్టంతో ఆ గ్యాసుని నీళ్లలోకి వదిలింది. మొక్కలకి అదే తిండట. లైటు ఎనిమిది గంటలు, పదింటి నుంచి ఆరింటి దాకా. ఎక్కువయితే నాచు పట్టేస్తాది, తక్కువయితే మొక్క కృశించిపోతాది. ఇవన్నీ ఒక పాత నోటుబుక్కులో తారీఖులు వేసి రాసుకునేది. ఫిజిక్సు లెక్కలు సగం రాసి వదిలేసిన నోటుబుక్కే అది. వెనక పేజీల నుంచి మొదలెట్టింది.

నాటిన వారానికే గడ్డి ఆకులన్నీ జావ అయిపోయినాయి. నా పై ప్రాణాలు పైనే పోయినాయి. అదయితే నవ్వి, "కంగారు పడకమ్మా, కొత్త నీళ్లలో పడితే పాత ఆకులు పోతాయి. వేరు బాగుంటే కొత్తవి వస్తాయి" అంది. వచ్చినాయి కూడా. మూడు వారాలకి ఒక్కొక్క మొక్క మొదట్లోంచి లేత ఆకు, సూది మొనంత. ఇంకొన్నాళ్లకి అవి పైదాకా ఎదిగి నీళ్ల మీద వాలినాయి. ఒక మధ్యాహ్నం నేను వంకాయ కూర కలుపుతుంటే, "అమ్మా, బేగి రా, బేగి రా!" అని కేక. గరిటె చేత్తోనే పరిగెత్తినాను. ఆకుల అడుగున చిన్నచిన్న బుడగలు, వరసగా, వందల్లో. ఒక్కొక్కటీ పైకి పోతోంది. "ఆక్సిజన్ అమ్మా. ఊపిరి వదుల్తున్నాయి" అంది. దాని మొహం చూసినాను గాని నేను ఆ బుడగల్ని చూడలేదు. కూర మాడిపోయింది. మాడిన కూరే ముగ్గురం తిన్నాం.

నాచు తినడానికని నాలుగు నత్తల్ని, గోరంత రొయ్యల్ని ఎనిమిదింటిని కూడా తెచ్చుకుంది. రోజూ లెక్కపెట్టేది. ఆ రోజుల్లోనే, కత్తెరతో గడ్డి కొసలు కత్తిరిస్తూ, నాకేసి చూడకుండా అడిగింది. "బోటనీ చదివితే ఏటమ్మా?"

"ఏటవుతాది, చదువుకో" అన్నాను, ఏదో ఉప్పు ఎంతెయ్యాలని అడిగినట్టు. అని వంటింట్లోకెళ్లి దేవుడి పటాల ముందు తల ఆనించి నిల్చున్నాను. కాలేజీ ఫారం ఫోన్లోకి దించుకుంది. ఆఖరి తారీఖు పై నెలలో ఉంది. నింపుతాను, తొందరేటి అంది. నేను రెట్టించలేదు. ఆ తొట్టి పచ్చగా ఉన్నంత కాలం ఆ ఫారం కూడా ఉంటాదని నా మనసులో నాకు గట్టిగా పడిపోయింది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఫాను గాలికీ లైటు వేడికీ తొట్టిలో నీళ్లు రోజూ కొంచెం తగ్గుతాయి. తగ్గినంతా పోస్తూ ఉండాలి. కొళాయి నీళ్లు నేరుగా పోయకూడదు, మా సప్లై నీళ్లు బ్లీచింగ్ పౌడరు వాసన కొడతాయి. అందుకని వెనక వరండాలో ప్లాస్టిక్ బకెట్లలో పట్టి, రెండ్రోజులు ఉంచి, ఆ తర్వాత పోసేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒక వారం అది సరిగ్గా లేవలేదు. లైటు పన్నెండింటికో ఒంటిగంటకో వేసేది. అడిగితే తలనొప్పి అనేది. బకెట్లు ఖాళీ. తొట్టిలో నీళ్లు నాలుగు వేళ్ల మేర దిగిపోయినాయి. అది చూసి నా గుండె కూడా దిగింది. ఇదిగో, మళ్లీ మొదలవుతోంది, ఇలాగే ఒక్కొక్కటీ వదిలేస్తాది, ముందు నీళ్లు, తర్వాత లైటు, తర్వాత ఫారం అనుకున్నాను. తలనొప్పి నిజంగా తలనొప్పే కావచ్చని ఒక్క క్షణమైనా అనుకోలేదు. భయం పట్టినదానికి బుద్ధి పనిచెయ్యదు.

నీళ్లు నేనే పోస్తాను అనుకున్నాను. దానికి చెప్పకుండా. చెప్తే ముట్టుకోకంటాది.

ఏ నీళ్లు పోసినాను? మా అమ్మ నా పెళ్లికి ఇచ్చిన రాగి గుండిగలో నీళ్లు. బొబ్బిలి నుంచి రైలెక్కి నాతోపాటు ఖరగ్‌పూర్ వచ్చిన గుండిగ. మా వైపు ఇళ్లలో రాత్రి రాగి పాత్రలో నీళ్లు పోసి, పొద్దున్నే పరగడుపున తాగడం అలవాటు. ఇక్కడ మా తెలుగువాళ్ల క్వార్టర్లలో ఏ ఇంట్లో చూసినా వంటగట్టు మీద ఒకటి ఉంటాది. కడుపు శుభ్రం, వంటికి చలవ, నీళ్లలో ఏ పురుగూ బతకదు అని మా అమ్మ చెప్పేది. ఆ ఆఖరి మాట మీద నేను కాస్త ఆగి ఉంటే బాగుండేది. శుక్రవారం శుక్రవారం చింతపండూ ఉప్పూ వేసి, నా మొహం అందులో కనపడేదాకా తోముతాను. ఆ ప్లాస్టిక్ బకెట్లలో ఒకదాన్ని నేను ఒకప్పుడు గచ్చు తుడవడానికి వాడేదాన్ని. నా కూతురు ప్రాణం పెట్టుకున్న మొక్కలకి ఆ బకెట్ నీళ్లా? ఇంట్లో అన్నిటికంటే మంచి నీళ్లు పోస్తాను అనుకున్నాను.

పొద్దున్న ఆరింటికి, స్కూలుకి బయల్దేరే ముందు, అది పడుకుని ఉండగా, రెండు చెంబులు. మెల్లిగా, చప్పుడు లేకుండా, మొక్కల మీద అక్షింతలు వేసినంత భక్తిగా. మూడు వారాలు పోసినాను. ఆ తలనొప్పులు తగ్గి పిల్ల మామూలుగా లేవడం మొదలెట్టినా నేను మానలేదు. వానలు పడుతున్నాయి కదా, అందుకే నీళ్లు తగ్గడం లేదని అది అనుకుంది. నాకు లోలోపల గర్వం కూడా. నా చెయ్యి పడింది కాబట్టే మొక్కలు కుదురుగా ఉన్నాయి అని.

ముందు నత్తలు పోయినాయి. గాజు మీద పాకేవి కాస్తా అడుక్కి రాలి, మూత బిగించుకుని, ఇక తెరవలేదు. తర్వాత రొయ్యలు. ఎనిమిది అయిదయినాయి, రెండయినాయి, లేవు. మాస్ గోధుమరంగుకి తిరిగింది. గడ్డి ఆకులు గాజు కాగితంలాగ పల్చబడి, మధ్యలో తెగి, తేలినాయి. ఈసారి అమ్మాయి నవ్వలేదు. "కొత్త నీళ్లు కాదు కదమ్మా. మరెందుకు పోతున్నాయి?" అంది. నోటుబుక్కు ముందేసుకుని పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. నేను మరో రెండు చెంబులు ఎక్కువ పోసినాను. అవును, పోసినాను. మంచి నీళ్లు ఇంకాస్త పడితే తేరుకుంటాయని.

తేరుకోకపోయేసరికి ఒక ఊరగాయ సీసాలో కుళ్లిన ఆకునీ చచ్చిన నత్తనీ వేసుకుని, స్కూలు నుంచి అటునుంచి అటే ఖరిదా వెళ్లినాను, తొట్టి అమ్మిన కొట్టు దాదా దగ్గరికి. ఇక్కడ అన్నయ్యని దాదా అంటారు. ఆయన సీసా ఎత్తి వెలుగులో చూసినాడు. నన్ను బౌదీ అని, అంటే వదినా అని పిలుస్తూ, హిందీ, బెంగాలీ కలిపి అడిగినాడు.

"బౌదీ, ముందు నత్తలు పోయినాయా, మొక్కలు పోయినాయా?"

"నత్తలు."

"అయితే నీళ్లలో రాగి పడింది. నత్తల్ని చంపే మందులో ఉండేది అదే."

నాకు ఒళ్లు మండింది. "మా ఇంట్లో అలాంటి మందులేవీ లేవు దాదా. మా అమ్మాయి అన్నీ రాసుకుని మరీ చేస్తాది. తెలివైన పిల్ల" అన్నాను.

"మందే కానక్కర్లేదు. రాగి తీగ, రాగి గిన్నె, ఏదైనా చాలు."

గిన్నె అనేసరికి వంటగట్టు మీద గుండిగ నా కళ్లముందుకొచ్చింది. "మనుషులకి మంచిదే కదా?" అన్నాను.

దాదా నవ్వినాడు. "మనిషి కడుపు వేరు, నత్త కడుపు వేరు బౌదీ. పైగా నీళ్లు ఆవిరయిపోతాయి, రాగి ఆవిరవదు. రోజూ కొంచెం కొంచెం అందులోనే చేరుతాది. కొన్ని మొక్కలు ఓర్చుకుంటాయి. గడ్డీ మాసూ ఓర్చుకోవు." అడుగు మట్టితో సహా తీసి పారేసి మళ్లీ మొదలెట్టాలని చెప్పినాడు. నేను తలూపి టోటో ఎక్కినాను. టోటోవాడు ఎక్కడికి అని రెండుసార్లు అడిగితే గాని వినపడలేదు.

ఇంటికెళ్లి వెంటనే చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చెప్పలేదు. తొమ్మిది రోజులు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే భయం. చెప్తే తలుపేసుకుంటాది. ఇన్నాళ్లూ లోకం మీద అలిగి వేసుకుంది, ఈసారి నా మీద వేసుకుంటాది. అప్పుడు దానికి ఎవరున్నారు? వాళ్ల నాన్న లైను మీద. ఫారం గడువు ఇంకా పది రోజులుంది. మా ఆయనకి ఫోన్లో చెప్పి ఏడిచినాను. "ఠీక్ హై, ఇప్పుడు కదపకు. ఫారం నింపనీ, ఆ తర్వాత నెమ్మదిగా చెబుదాం" అన్నారు. ఆయన మాట ఏనాడూ వినని దాన్ని, ఆ రోజు మాత్రం చక్కగా విన్నాను. గుండిగని గోనెసంచిలో చుట్టి అటక ఎక్కించేసినాను. నీళ్లు పోయడం మానేసినాను. ఇక వాటంతటవే బాగుపడతాయి, పిల్లకి తెలియాల్సిన పనే ఉండదు అనుకున్నాను. దాదా చెప్పిన మట్టి సంగతి మర్చిపోయినట్టు నటించినాను, నా దగ్గర నేనే.

అది మాత్రం తప్పు ఎక్కడుందో వెతుకుతూనే ఉంది. ఎక్కడ వెతుకుతాది, తనలోనే. ఎరువు చుక్కలు ఎక్కువేసినానేమో అని ఎరువు మానేసింది. లైటు ఎక్కువయిందేమో అని ఆరు గంటలకి తగ్గించింది. పంచదార సీసా పీకేసింది. నోటుబుక్కులో తను రాసుకున్నదాని మీద తనే ఎర్రపెన్నుతో ఇంటూలు పెట్టింది. స్కూల్లో నేను పిల్లల పలకల మీద పెట్టే ఇంటూలే. నేను పక్కన కూకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తున్నాను. తీసిన ఈనెలు గిన్నెలోకీ కాయలు చెత్తలోకీ వేస్తున్నానని అదే చెప్పింది.

ఏడో రోజు సాయంత్రం తొట్టి ముందు గచ్చు మీద కూకుని, చిన్న జల్లెడతో కుళ్లిన ఆకులు తోడుతోంది. తోడుతూ తోడుతూ ఆపేసింది. "నేనేది పట్టుకున్నా ఇంతేనమ్మా" అంది. అని ఏడిచింది. రెండోసారి రిజల్టు వచ్చిన రోజు కూడా ఏడవని పిల్ల, వెక్కివెక్కి ఏడిచింది. నేను దాని వెనకాల కూకుని వీపు నిమిరినాను. "ఊరుకో తల్లీ. మొక్కలే కదా, పోతే పోనీ. నీ తప్పేటుంది, కొన్ని అలాగే పోతాయి" అన్నాను. అలాగే పోతాయట! ఆ మాట నా నోట్లోంచి ఎంత మెత్తగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాది.

ఎనిమిదో రోజు లైటు వెయ్యలేదు. ఫారం ఊసెత్తితే, "మొక్కల్ని చంపేదాన్ని బోటనీలో ఎవరు చేర్చుకుంటారమ్మా" అని నవ్వింది. ఆ నవ్వు చూసినాక ఇక నాకు అన్నం దిగలేదు. గొలుసుకున్న తాళంచెవి పట్టుకుని కూకున్నాను.

తొమ్మిదో రోజు స్కూలు నుంచి వచ్చి సందు మలుపు తిరిగితే కిటికీ చీకటి. ఫారానికి మర్నాడే ఆఖరు. పరిగెత్తినాను. గది తలుపు తోస్తే, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. "ఒంట్లో బాగులేదా?" అంటే "బాగానే ఉంది" అంది. "మరి ఫారం?" అన్నాను. "వద్దమ్మా. అది కూడా పాడు చేస్తాను. ఒగ్గెయ్."

అప్పుడు నాకు కోపం వచ్చింది. దాని మీద కాదు. స్టూలు లాగి, అటక మీంచి గుండిగ దింపి, గోనె విప్పి, తెచ్చి దాని మంచం పక్కన గచ్చు మీద పెట్టినాను. ఠంగుమంది. అది ఇటు తిరిగింది.

"ఇది నీ మొక్కల్ని చంపింది. ఇందులో నీళ్లు రోజూ పొద్దున్న నేను పోసినాను, నువ్వు లేవకముందు. రాగి పడదట వాటికి. ఖరిదా దాదా చెప్పినాడు. నీ ఎరువూ కాదు, నీ లైటూ కాదు. నేను." మంచం పట్టె పట్టుకుని నిల్చున్నాను.

లేచి కూకుంది. గుండిగ కేసి చూసింది, నాకేసి చూసింది.

"నా వల్ల కాదా?"

"కాదమ్మా."

"నేను వేసిన మట్టి వల్ల కాదా? గ్యాసు?"

"కాదు. నువ్వు అన్నీ సరిగ్గానే చేసినావు."

"నిజంగా నా వల్ల కాదా అమ్మా?" అని మూడోసారి అడిగింది, చిన్నప్పుడు జ్వరం తగ్గిందా అని అడిగినట్టు. నేను తలూపినాను. ఒక నిమిషం దాని మొహం వదులయింది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఇంతేనా, ఇంత తేలికా, దీనికా నేను ఇన్నాళ్లు చచ్చినాను అనుకున్నాను.

అప్పుడు అడిగింది. "నీకెప్పుడు తెల్సింది?"

ఈరోజే అని చెప్పొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది కూడా. దాని కళ్లు చూసి, "తొమ్మిది రోజులయింది" అన్నాను.

అది వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నిజంగానే లెక్కపెట్టింది. ఎక్కడ ఆగిందో నాకు తెల్సిపోయింది.

"మొన్న నేను ఏడుస్తుంటే వీపు నిమిరినావు కదా. అప్పటికి నీకు తెల్సు."

"తెల్సు."

"తెల్సుండే, కొన్ని అలాగే పోతాయి అన్నావా?"

అప్పుడు అరిచింది. ఎన్ని నెలల అరుపో అది, క్వార్టరు కప్పు ఎగిరిపోయేటట్టు అరిచింది. "నీళ్లు పోస్తే పోసినావు, నీకు తెలీదు, దానికి నాకు కోపం లేదు! తొమ్మిది రోజులు నేను రోజూ చచ్చినాను కదా, పక్కన కూకుని చిక్కుడుకాయలు వొలిచినావు! పో ఇక్కణ్నుంచి!" ఎదురింటి దీదీ కిటికీ తెరుచుకున్న చప్పుడు వినపడింది. నేను బయటికొచ్చినాను. తలుపు ధడేల్మని మూసుకుంది. గడియ లేదు కదా, టేబులు ఈడ్చి అడ్డం పెట్టుకుంది. ఆ టేబులు కాళ్లు గచ్చు మీద కీచుమన్నాయి. గడియ ఊడదీయించినదాన్ని, టేబులు సంగతి ఆలోచించలేదు.

తలుపు బయట గచ్చు మీద కూకున్నాను. "తల్లీ, ఒక్కసారి పలుకు" అన్నాను. "బతికే ఉన్నాను, ఒగ్గెయ్ నన్ను" అని లోపల్నుంచి. మళ్లీ పావుగంటకి పిలిచినాను. మళ్లీ తిట్టింది. తిట్టినంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది, ఊరుకుంటే పిలిచేదాన్ని. అలా ఎన్నిసార్లు తిట్టించుకున్నానో.

మూడింటికి టేబులు జరిగింది. బయటికొచ్చి, నన్ను దాటుకుని, గొట్టం తెచ్చి, తొట్టిలో నీళ్లు బకెట్లలోకి దింపడం మొదలెట్టింది. బకెట్టు నిండితే మోసుకెళ్లి కాలవలో పోసి వస్తోంది. నేను రెండో బకెట్టు అందుకోబోయినాను. "ముట్టుకోకు" అంది. ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని నిల్చుని చూసినాను. మట్టంతా ఎత్తి పారేసింది. గులకరాళ్లు కడిగి కడిగి కుప్ప పోసింది. చెక్కకి కట్టిన ఫెర్న్ ఒక్కటి ఇంకా పచ్చగా ఉంది. దాన్ని మాత్రం వేరే బకెట్లో పెట్టింది. ఫారం మాట అడిగే ధైర్యం నాకు లేదు. ఆ సాయంత్రమూ అడగలేదు, తెల్లారి స్కూలుకి పోతున్నప్పుడూ అడగలేదు.

స్కూలు అయ్యాక మలుపు తిరిగితే కిటికీ మళ్లీ చీకటి. తొట్టి ఖాళీ కదా, లైటెందుకు ఉంటాదని బుద్ధి చెప్తోంది, కాళ్లు వినలేదు. వీధి తలుపుకి తాళం. నా దగ్గరున్న తాళంచెవితో తీసి చూస్తే గదిలో లేదు, పెరట్లో లేదు. వరండాలో పేపరు మీద గులకరాళ్లు ఆరబోసి ఉన్నాయి. మంచం సర్ది ఉంది. ఆ సర్దిన మంచం చూసి ఫోను తీసినాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసినాను. ఎత్తలేదు. చెప్పుల్లేకుండానే సందులోకి పరిగెత్తబోతుంటే నా ఫోను మోగింది. మా ఆయన, భద్రక్ స్టేషను నుంచి.

"ఫారం పెట్టేసిందట. మలంచాలో కంప్యూటర్ షాపు నుంచి ఇప్పుడే ఫోన్ చేసింది. బోటనీయే రాసిందట. నీకు చెప్పలేదా?"

"లేదు" అన్నాను. గుమ్మంలోనే కూలబడినాను. ఆయన ఇంకా ఏదో అంటున్నారు, వినపడలేదు. ఇంట్లో నాతో ఉండే పిల్ల సంగతి నాకు భద్రక్ నుంచి తెల్సింది.

అది గంట తర్వాత వచ్చింది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, కంచం తనే తీసుకుని కూకుంది. నేను అన్నం వడ్డించినాను, చారు పోసినాను. కాసేపు ఉగ్గబట్టుకున్నాను గాని నాకు ఆగదు కదా.

"నాన్న ఫోన్ చేసినారు" అన్నాను. "నాకొక్క మాట చెప్పి వెళ్తే ఏటి?"

చారన్నం కలుపుతూ, తలెత్తకుండా అంది. "చెప్దామనే అనుకున్నానమ్మా. తొమ్మిది రోజులు ఆగి."

ఇంకొంచెం చారు పోసినాను. వద్దనకుండా తింది.